నానమ్మ తలగడ కింద అటుకుల మూట

వనస్థలిపురం నుంచి ఒక అమ్మాయి రాసింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ బాంబులకు భయపడి 1942లో బర్మాలోని రంగూన్ నుంచి కాలినడకన విశాఖ చేరిన కుటుంబం వాళ్లది. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల అయిన నానమ్మ ఇప్పుడు తొంభై దాటినా దీపావళి టపాసులు మొదలవగానే పూజగదిలో దూరి తలుపేసుకుంటుంది, తలగడ కింద ఎప్పుడూ అటుకుల మూట. దారిలో ఒక తమ్ముడు పోయాడని తెలుసు, ఎలాగో ఎవరూ చెప్పరు. ఫోన్‌లో రికార్డు చేద్దామంటే నాన్న గయ్యిమన్నారట, ‘ఆవిణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వవా’ అని. అడగాలా, వదిలేయాలా?

అమ్మా, అడుగు. కానీ ముందు మీ నాన్నగారిని అడుగు. ఆయన బాంబులు చూడలేదు, నిజమే, కానీ ఆ తల్లి చేతుల్లో పెరిగారు. కంచంలో మెతుకు వదిలితే ఏమయ్యేది, బడి నుంచి పావుగంట ఆలస్యమైతే ఆవిడ ఏం చేసేది, ఇలాంటివి. ఆయన్ని ఈ సంగతులు ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం.

నానమ్మ దగ్గర ‘యుద్ధం ఎలా ఉండేది’ అని మొదలుపెట్టకు. అటుకుల గురించి అడుగు, పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ అడిగితే ఇంకా మంచిది. బర్మాలో మన తెలుగువాళ్లను కోరంగీలనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. ఆ మాట ఒక్కటి అంటే చాలు, ఆవిడే అందుకోవచ్చు.

చెప్పేవి ముందువెనకలైతే సరిదిద్దకు. రంగూన్ మీద బాంబులు పడింది 1941 డిసెంబర్ 23న, విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న. రెండూ కలిపేసి చెప్పినా పోయేదేమీ లేదు, నువ్వేమీ పరీక్ష పేపర్ దిద్దడం లేదుగా! తమ్ముడి సంగతి మాత్రం నువ్వు ఎత్తకు. ఆవిడే ఎత్తితే ‘పోన్లే నానమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు’ అనకు, మనవాళ్లందరం ప్రేమకొద్దీ చేసే పొరపాటు అది.

చెప్పిన రాత్రి నిద్రపోకపోయినా, తిండి మానేసినా ఆపెయ్. నాలుగు రోజులైనా అలాగే ఉంటే వయసు మీదకు నెట్టేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి.

ఈసారి దీపావళికి టపాసులు మొదలవకముందే కిటికీలు వేసి, మీ నాన్నగారిని కూడా ఆ గదిలో ఆవిడ పక్కన కూర్చోమను. ఫోన్ బయట పెట్టు.