తాబేలు సగటు వేగం రెట్టింపవుతుందా?

గంటకు 1 కిలోమీటరు వేగంతో 1 కిలోమీటరు పొడవున్న గుట్టదారి ఎక్కిన తాబేలు, అదే దారిలో ఎంత వేగంగా దిగితే రానుపోను సగటు వేగం గంటకు 2 కిలోమీటర్లు అవుతుందన్నది ప్రశ్న. వెంటనే 3 అని చెప్పాలనిపిస్తుంది గాని, సగటు వేగమంటే రెండు వేగాల సగటు కాదు, మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించగా వచ్చేది. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో దిగితే 20 నిమిషాలు పడుతుంది కనుక, 2 కిలోమీటర్లకు 80 నిమిషాలై సగటు 1.5 మాత్రమే వస్తుంది. పాపం, 9 కిలోమీటర్ల వేగంతో దొర్లుకుంటూ వచ్చినా 1.8 దగ్గరే ఆగుతుంది. సగటు 2 కావాలంటే ప్రయాణమంతా ఒక గంటలో ముగియాలి, ఆ గంట కాస్తా ఎక్కడానికే ఖర్చయిపోయింది. దిగడానికి సమయమే మిగలలేదు కాబట్టి, అది తాబేలుకే కాదు, దాన్ని వెక్కిరించే కుందేలుకూ అసాధ్యమే.