అడగండి చెప్తా: ట్రేడింగ్ కంపెనీలో కాపలా ఉద్యోగం

ప్రశ్న: అన్నా నమస్తే. మాది తిరుపతి, ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసినా. రెండేళ్లుగా బెంగుళూరులో ఒక కంపెనీలో సాక్ (సైబర్ దాడులను కనిపెట్టే టీము) షిఫ్టులు చేస్తా ఉండా, అంటే అలర్ట్ వస్తే చూసి టికెట్ రాయడం, అంతే పని. ఇప్పుడు ముంబైలో ఒక ట్రేడింగ్ ఫర్మ్ వాళ్లు సైబర్ సెక్యూరిటీ ఇంజినీర్‌గా రమ్మంటా ఉండారు, జీతం దాదాపు డబుల్. మా నాయనేమో షేర్ మార్కెట్ అంటే పేకాట క్లబ్బే, పోయి పోయి దానికి కాపలా కాస్తావా అంటాడు. పోవచ్చా? అక్కడ పని ఎట్ల ఉంటుంది?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, మీ నాయన తిట్టినా ఆ కాపలా అన్న మాట మాత్రం కరెక్టుగా పడింది. నేను ఇట్లాంటి చోటే ఆరేళ్లు చేసినా. పోయిన మొదటి వారమే తెలివి చూపిద్దామని అన్ని సర్వర్లలో సెక్యూరిటీ ఏజెంట్ (మెషిన్లో కూర్చోని అన్నీ గమనించే సాఫ్ట్‌వేర్) వేసేద్దాం అన్నా, పాత కంపెనీలో అట్లే చేసేవాళ్లం కదా. ట్రేడింగ్ డెస్క్ ఆయన ఒకే ఒక్క మాట అడిగినాడు, "దీనివల్ల ఆర్డర్ ఎంత లేట్ అవుతుంది?" అని. నా దగ్గర జవాబు లేదు, మీటింగ్ అంతటితో అయిపోయింది.

అలిపిరి చెక్‌పోస్టు చూసినావు కదా, ప్రతి బండినీ ఆపి బ్యాగులు స్కాన్ చేస్తారు, రద్దీ రోజు లైను గరుడ సర్కిల్ దాటిపోతుంది, అయినా భక్తుడు ఓపిక పడతాడు. ఇక్కడ ఆర్డర్ మైక్రోసెకన్ (సెకనులో పది లక్షల వంతు) కూడా ఓపిక పట్టదు, అందుకే సర్వర్లను ఎక్స్ఛేంజ్ డేటా సెంటర్లోనే అద్దె ర్యాకుల్లో పెట్టుకుంటారు. కాబట్టి ఆర్డర్ పోయే దారిలో నువ్వు అడ్డం నిలబడలేవు. ఆ దారిలోకి ఎవరెవరు రాగలరు, కోడ్ ఎవరు మార్చినారు, ఎవరు ఓకే అన్నారు, ఏ మెషిన్ నుంచి లాగిన్ అయినారు, ఇవన్నీ బిగించాల. ట్రాఫిక్‌ని ఆపకుండా దాని కాపీ ఒకటి పక్కకు తీసుకోని చూసుకోవాల. 9:15కి మార్కెట్ తెరిస్తే 3:30 దాకా దేన్నీ ముట్టుకోకూడదు, సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే ప్యాచ్‌లన్నీ ఆ తర్వాతే.

ఎందుకంత భయం అంటావా? 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే కంపెనీ 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వేయడం మర్చిపోయింది, ఆ ఒక్కటీ పాత కోడ్‌తో 45 నిమిషాలు తప్పుడు ఆర్డర్లు కుమ్మేసింది, నష్టం 44 కోట్ల డాలర్ల పైనే. హ్యాకర్ లేడు, వైరస్ లేదు. అందుకే అక్కడ వాళ్లకి దొంగ కంటే మార్పు అంటేనే ఎక్కువ భయం, నువ్వు సేఫ్టీ కోసం చేసేది కూడా వాళ్ల లెక్కలో ఒక మార్పే. ఇంక దొంగ సంగతంటావా, వాడు చాలాసార్లు లోపలే ఉంటాడు. రాజీనామా ఇచ్చినోడు చివరి నెలలో స్ట్రాటజీ కోడ్ (ఎప్పుడు కొనాల, ఎప్పుడు అమ్మాల అని చెప్పే ప్రోగ్రాం) ఏమైనా కాపీ చేస్తా ఉండాడా అని చూడటం నాకు అన్నిటికన్నా కష్టమైన పని, ఎందుకంటే నిన్నటిదాకా కలిసి టీ తాగినోడే కదా.

పేపర్ పని కూడా శానా ఉంటుంది, ఇది ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు. ఏదన్నా ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాల, ఎవరు ఎప్పుడు ఏం చేసినారో మెషిన్ రాసుకునే లాగ్‌లు 180 రోజులు దాచాల, 2024 ఆగస్టులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన సైబర్ రూల్స్ వేరే. ఆడిటర్ వచ్చినాడంటే వారం పోయినట్టే.

లైనక్స్, నెట్‌వర్కింగ్ గట్టిగా వచ్చి, పైథాన్‌లో చేయి తిరిగితే పో. కానీ చేరేముందు ఒకటి అడుగు: సెక్యూరిటీ వాళ్లు వద్దంటే కొత్త కోడ్ రిలీజ్ ఆగుతుందా అని. నీళ్లు నమిలినారంటే నీది సంతకం పెట్టే ఉద్యోగమే. మీ నాయనకి మాత్రం ఇది చెప్పు, అక్కడ ఆడేది నువ్వు కాదు, నిన్ను ఆడనీయరు కూడా. ఇట్లాంటి చోట్ల సొంతంగా షేర్ కొనాలన్నా ముందు కంపెనీ పర్మిషన్ తీసుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: నాయనా, మా అబ్బోడు కూడా ఇట్లాంటి కంపెనీలోనే చేస్తా ఉండాడు. పోయిన దీపావళికి మార్కెట్ ఉందని రాలేదు, పండగ రోజు మార్కెట్ ఏంది? కొన్ని శనివారాలు కూడా ఆఫీసే అంటాడు. నిజమేనా, ఇంకేమన్నా ఉందా?
- ఒక అమ్మ, చిత్తూరు

జవాబు: నిజమేనక్కా, అబ్బోడిని అనుమానించొద్దు. దీపావళికి మార్కెట్ సెలవే గానీ ముహూర్తం ట్రేడింగ్ అని ఒక గంట తెరుస్తారు, ఆ గంట కోసం మా టీములో ఒకరు బలి అయ్యేవాళ్లు, పెండ్లి కానోడైతే వాడే. శనివారాలంటే ఎక్స్ఛేంజ్ వాళ్లు మాక్ ట్రేడింగ్ పెడతారు, ఉత్తుత్తి మార్కెట్, కొత్త మార్పులన్నీ దాంట్లో వేసి చూసుకుంటారు. ఇంకేమన్నా ఉందా అన్నది నాకు తెలీదు గానీ, మధ్యాహ్నం ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడు, సాయంత్రం నాలుగు దాటినాక చేసి మీరే అడగండి.