నాటకాన్ని కెమెరాతో తీస్తే సినిమా చూసినట్టు ఉంటుందా?

బాగా తీస్తే ఉంటుంది. కొన్నిచోట్ల హాల్లో కూర్చున్నవాళ్లకి దొరకనిది కూడా దొరుకుతుంది. పాటలతో, ర్యాప్‌తో సాగే అమెరికన్ నాటకం 'హామిల్టన్' చూడండి. న్యూయార్క్‌లోని రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్‌లో 2016 జూన్‌లో తీశారు, 2020 జులైలో డిస్నీ ప్లస్‌లో విడుదలైంది. ప్రేక్షకుల ముందు ఆడిన ప్రదర్శనలతో సరిపెట్టకుండా, హాలు ఖాళీగా ఉన్నప్పుడు కెమెరాను స్టేజీ మీదికే తీసుకెళ్లి కొన్ని పాటలు మళ్లీ తీశారు. అసలు తేడా అక్కడే వచ్చింది. బ్రిటన్ రాజు జార్జ్ పాత్రలో నటుడు జొనాథన్ గ్రాఫ్ పెద్దగా కదలకుండా నిలబడి పాడుతుంటే, గడ్డం మీదికి ఉమ్ము కారడం కూడా కనిపిస్తుంది! ఆ పిచ్చి కోపం బాల్కనీ చివరి వరస దాకా అందదు కదా.

ఇక 'శాటిస్‌ఫైడ్' పాట. పెళ్లి విందులో కాలం వెనక్కి తిరుగుతుంది. ఎడిటింగ్ మాయ కాదు, నటులే వెనక్కి కదులుతారు, వాళ్ల కింద స్టేజీ తిరుగుతుంది. నా దృష్టిలో ఏ గ్రాఫిక్సూ దీనికి సాటి రావు.

లోటూ ఉంది. క్లోజప్ పడినప్పుడల్లా వెనకున్న డ్యాన్సర్లు మిస్సవుతారు.

ర్యాప్ చాలా స్పీడుగా సాగుతుంది కాబట్టి మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి.