పాత టాబ్లెట్‌లో లినక్స్: మేనల్లుడికి లేఖ

చిరంజీవి రఘుకు మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారు పక్కన పెట్టేసిన పది అంగుళాల విండోస్ టాబ్లెట్‌లో, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటానని రాశావు. ఇంటెల్ ఆటమ్ జెడ్3735ఎఫ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ అన్నావు కనుక, అది 2015 ప్రాంతంలో మైక్రోమాక్స్, ఐబాల్ వంటి కంపెనీలు మన దగ్గర అమ్మిన తరహా యంత్రమే. ఇన్‌స్టాల్ చేయడం చిన్న పని. జాగ్రత్త అంతా దానికి ముందే కావాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, తొందరపడి విండోస్‌ను తుడిచివేయవద్దు. ఈ రకం టాబ్లెట్లలో చాలావాటికి, వేలి తాకిడిని గుర్తించే సిలీడ్ కంపెనీ టచ్ చిప్ ఉంటుంది. యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరు (చిప్‌ను నడిపే ప్రోగ్రాము) దానిలోకి ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాము) ఎక్కించాలి, లేకపోతే వేలు పెట్టినా తెర పలకదు. డ్రైవరు లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉంది గాని, ఫర్మ్‌వేర్ మాత్రం మోడల్‌ను బట్టి మారుతుంది. అందుచేత విండోస్‌లోని సిస్టమ్32 లోపల డ్రైవర్స్ ఫోల్డరులో సిలీడ్‌టచ్.సిస్ అనే ఫైలు ఉందేమో చూసి, ఉంటే పెన్‌డ్రైవ్‌లో దాచుకో. దానిలోంచి ఫర్మ్‌వేర్‌ను వేరుచేసే ప్రోగ్రాములూ, అనేక మోడళ్లకు ఇప్పటికే తీసిపెట్టిన ఫైళ్లూ గిట్‌హబ్ వెబ్‌సైటులో జీఎస్ఎల్-ఫర్మ్‌వేర్ అనే పేరుతో దొరుకుతాయి.

రెండో చిక్కు బూట్ దగ్గర వస్తుంది. ప్రాసెసర్ 64 బిట్లదే అయినా, ఇటువంటి టాబ్లెట్లలో యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము) సాధారణంగా 32 బిట్లది కావడంతో, 64 బిట్ల లినక్స్ ఎక్కించిన మామూలు పెన్‌డ్రైవ్ పెట్టినా అది కనబడనట్టే ఊరుకుంటుంది. లినక్స్ రకాలలో ఒకటైన ఫెడోరా 2017లో వచ్చిన 27వ విడుదలలో దీనికి మద్దతు చేర్చింది; డెబియన్ అనే మరో రకం అంతకంటే ముందే చేర్చింది. నువ్వు ఏది ఎంచుకున్నా, పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ లోపలి బూట్ ఫోల్డరులో బూట్ఐఏ32.ఈఎఫ్ఐ అనే ఫైలు ఉన్నదీ లేనిదీ నీ కళ్లతో చూసుకున్నాకే ముందుకు వెళ్లు.

ఛార్జింగుకూ, ఓటీజీకీ (పెన్‌డ్రైవ్ వంటివి తగిలించడానికి) ఉన్నది ఒకే మైక్రో యూఎస్‌బీ రంధ్రమైతే, బ్యాటరీ పూర్తిగా నింపుకొని, యూఎస్‌బీ హబ్‌కు కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ తగిలించి మొదలుపెట్టు. ముందు లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, శబ్దం, తెర తిరగడం పరీక్షించు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఎస్ వైఫై చిప్ అయితే కెర్నల్ 4.12వ విడుదల నుంచి డ్రైవరు అందులోనే ఉంది. కెమెరా మీద మాత్రం ఆశ పెట్టుకోకు. ఇన్‌స్టాలరులో ఎంఎంసీబీఎల్‌కే0 అని కనబడేదే అసలు స్టోరేజీ; దాని పక్కన బూట్0, బూట్1 అని ఉండే చిన్న భాగాల జోలికి పోకు.

రెండు జీబీల ర్యామ్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ (తెరమీద కనబడే కిటికీలు, మెనూల ఏర్పాటు) తేలిక అని అందరూ చెబుతారు, నిజమే. అయినా చేతివేళ్లతో వాడే తెరకు నా ఓటు గ్నోమ్ డెస్క్‌టాప్‌కే, ఎందుకంటే తెరమీది కీబోర్డూ, ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే ప్రోగ్రాము సాయంతో తెర తనంతట తాను తిరగడమూ అందులో సిద్ధంగా ఉంటాయి. ర్యామ్‌లోని సమాచారాన్ని కుదించి చోటు మిగిల్చే జీర్యామ్ పెట్టుకుని, బ్రౌజరులో ఒకటి రెండు ట్యాబులతో సరిపెట్టుకోగలిగితే చాలు. తెలుగు టైపింగుకు ఐబస్ అనే ప్రోగ్రాముతో పాటు, తెలుగు కీబోర్డులను అందించే ఎం17ఎన్ వేసుకో.

వాడుతూ ఉండగా యంత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతే, లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాములోని కెర్నల్ వరుసకు intel_idle.max_cstate=1 అనే ఐచ్ఛికాన్ని ఇంగ్లీషు అక్షరాలలో ఇలాగే చేర్చి చూడు. బ్యాటరీ కొంత త్వరగా అయిపోతుంది కనుక, బిగుసుకుపోవడం లేకపోతే దాన్ని చేర్చవద్దు.

ఇట్లు,
మీ మామయ్య