జ్వరం వేడికి బోదకాలు పురుగు చావదా?

ప్రశ్న: మా అత్తగారికి బోదకాలు. చలిజ్వరం వచ్చినప్పుడల్లా ఒళ్ళు కాలిపోతుంది. అంత వేడికి లోపలి పురుగులు చావవా అండీ? ఏటా ఇచ్చే మాత్రలు ఆ పని చేస్తాయా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మంచి అనుమానమేనమ్మా. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినన్నాళ్ళూ ఇది ఎవరూ అడగలేదు. జీవితచక్రం బొమ్మ గీస్తే మార్కులు పడిపోయేవి మరి.

ఈ పురుగుకి అసలైన వేడి దెబ్బ మన ఒంట్లోకి వచ్చిన రాత్రే తగులుతుంది. బోదకాలు అంటించే క్యూలెక్స్ దోమ ఒంట్లో బయట ఎంత వేడి ఉంటే అంతే. అక్కడ పెరిగిన పిల్లపురుగు, దోమ కుట్టేటప్పుడు మన చర్మం మీద పడి, కుట్టినచోటి నుంచి తనే లోపలికి పాకుతుంది. చలికాలమైతే 20 డిగ్రీల నుంచి నిమిషాల్లో 37కి! వేడి అలా ఎగిస్తే కణాల్లో ప్రోటీన్ల మడతలు విడిపోయి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడేది అందుకే. పురుగులో అలా కాకుండా కాసేవి చాపరోన్ ప్రోటీన్లు. మడత విడిపోతున్నదాన్ని పట్టుకుని, పక్కవాటికి అంటుకోనివ్వకుండా, మళ్ళీ సరిగ్గా మడతపడనిస్తాయి. ఆ గండం దాటినదానికి జ్వరం పెంచే రెండు మూడు డిగ్రీలు ఏ మూలకి?

మరి ఆ చాపరోన్‌నే ఆపేస్తే? గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆ పనీ చేశారు. బోదకాలు పురుగుకి దగ్గరి చుట్టమైన బ్రూజియా పహంగి మీద జెల్డానమైసిన్ అనే మందు వేశారు. అది హెచ్‌ఎస్‌పీ 90 అనే చాపరోన్‌ని పనిచేయనివ్వదు. పెద్ద పురుగులూ పిల్లలూ రెండూ చచ్చాయి. వింతేమిటంటే, మట్టిలో బతికే సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే పురుగులోని హెచ్‌ఎస్‌పీ 90కి ఈ మందు అంటుకోనే అంటుకోదు. కానీ మన కణాల్లోని హెచ్‌ఎస్‌పీ 90కి శుభ్రంగా అంటుకుంటుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే అది మాత్రగా మీ ఊరికి రాలేదు.

ఏటా మీకిచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రల దారి వేరు. అవి ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని తగ్గిస్తాయి. పెద్ద పురుగు ఏళ్ళ తరబడి బతుకుతుంది కాబట్టి ఏటా మింగాలి. ఇంట్లో అందరూ మింగండి. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకీ మాత్రం ఇవ్వరు.

అత్తగారి వాపు వీటితో తగ్గిపోదు. కాలు అంత ముదిరాక ఒంట్లో బతికున్న పురుగే ఉండకపోవచ్చు కూడా. ఆ చలిజ్వరం ఎక్కువగా కాలివేళ్ళ సందుల్లో పగుళ్ళనుంచి దూరే బ్యాక్టీరియా వల్ల వచ్చేదే. రోజూ సబ్బుతో కడిగి, సందుల్లో తడి లేకుండా తుడవమనండి. జ్వరం రాగానే డాక్టర్‌కి చూపించండి.