థాయ్ హోటల్ గీజర్‌లో వేడినీళ్లు రాకపోతే

థాయ్‌లాండ్‌లోని నాన్ పట్టణంలో చవక గది తీసుకున్నామనీ, గీజర్ వేసినా చన్నీళ్లే వస్తున్నాయనీ, ఏం చేయాలనీ అడిగారు కదా. అది మన ఇళ్లలోలాంటి ట్యాంకు గీజర్ కాదండీ, పారే నీటిని అప్పటికప్పుడు వేడిచేసేది. కాసేపు ఆగితే కాగుతాయనుకుంటే లాభం లేదు.

ముందు బాత్రూమ్ బయట గోడకున్న బ్రేకర్ (కరెంటు స్విచ్చు) పైకి ఎత్తండి. తర్వాత కుళాయి తిప్పితే గీజర్ పెట్టె మీద లైటు వెలగాలి. వెలిగినా చల్లగా ఉంటే ధార తగ్గించండి: 3,500 వాట్ల పెట్టె నిమిషానికి 5 లీటర్లను 10 డిగ్రీలే వేడెక్కిస్తుంది, 2.5 లీటర్లయితే 20. మరీ సన్నగా చేస్తే లైటు ఆరిపోతుంది. షవర్ రంధ్రాల్లో సున్నం పేరుకున్నా అంతే, విప్పి రుద్దండి.

బ్రేకర్ మళ్లీ మళ్లీ పడిపోతుంటే మాత్రం వదిలేయండి, లోపల కరెంటు లీకవుతుండొచ్చు. కౌంటర్లో "నామ్ రోన్ మై ఓక్" అనండి; వేడినీళ్లు రావట్లేదని అర్థం. గది మార్చమనడమే మేలు.