చలికాలపు ఊటల్లో మానటీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంక్రాంతికి అమ్మానాన్న విజయవాడ నుంచి ఓర్లాండో వస్తున్నారు. వాళ్లకు మానటీలను చూపించాలని ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కకుండా చూడొచ్చా? ఏ రోజు వెళ్తే మంచిది?
– ఒక పాఠకురాలు, ఓర్లాండో

జవాబు: మానటీ అంటే నీళ్లలోనే ఉంటూ గడ్డి మేసే పెద్ద జంతువు. దాన్ని చూడ్డానికి పడవతో పనే లేదు. ఫ్లోరిడాలోనే మీకు ఉత్తరాన, ఆరెంజ్ సిటీలో ఉన్న బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కుకు వెళ్లండి. ఊట నీళ్లు సెయింట్ జాన్స్ నదిలో కలిసేదాకా పాయ పక్కనే చెక్కబాట ఉంటుంది. నవంబరు మధ్య నుంచి మార్చి దాకా ఆ పాయలో ఈత, పడవలు నిషేధం కాబట్టి జంతువులు బెదరకుండా ఉంటాయి.

తేదీ మాత్రం ముందే ఖాయం చేసుకోవద్దు. వరసగా రెండు మూడు రాత్రులు గట్టి చలి పడ్డాక, ఆ మర్నాడు పొద్దున్నే బయలుదేరండి. నది నీళ్లు 20 డిగ్రీల కంటే చల్లబడితేనే మానటీలు ఊటలోకి గుంపులుగా వస్తాయి. 2024 జనవరిలో అక్కడ ఒక్క రోజే 932 లెక్కతేలాయి. 1970లో ఇరవై కూడా లేని చోటది! అదే జనవరిలోనైనా నాలుగు రోజులు ఎండ కాస్తే పాయ దాదాపు ఖాళీ అయిపోతుంది.

చాలామంది మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వెళ్లి నిరాశపడతారు. ఊట పాయలో మేత లేదు. ఎండెక్కాక అవి నదిలోకి మేతకు పోయి, చలి ముదిరేలోపు తిరిగొస్తాయి. పైగా శని, ఆదివారాల్లో పార్కింగు నిండగానే గేటు మూసేస్తారు. మామూలు రోజున, గేటు తెరిచే 8 గంటలకే అక్కడ ఉండండి. బాగా చలిగా ఉన్న రోజున బాట వెంట కాస్త పైకి నడవాల్సి రావచ్చు. నది నీళ్లు బరువెక్కి అడుగు నుంచి పాయలోకి చొరబడతాయి, దాంతో మానటీలు ఊట వైపు జరుగుతాయి. బయలుదేరే ముందు మానటీల సంరక్షణ సంస్థ ‘సేవ్ ద మానటీ క్లబ్’ వాళ్ల వెబ్‌క్యామ్‌లో ఒకసారి చూసుకుంటే ప్రయాణం వృథా కాదు.

ప్రశ్న: ఆ ఊట నీళ్లు వేడిగా ఉంటాయా? అంత పెద్ద జంతువుకు చలేమిటి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేడి నీళ్లేం కావు, 22 డిగ్రీలు. సున్నపురాయి పొరల లోపలి నుంచి వచ్చే భూగర్భజలం కాబట్టి ఏడాది పొడవునా అంతే ఉంటుంది. మానటీ మూడు మీటర్ల పొడవు, 450 కిలోల బరువు ఉన్నా చర్మం కింద కొవ్వు పల్చన. తిన్న గడ్డి నుంచి ఒంట్లో పుట్టే వేడి కూడా తక్కువే. 20 డిగ్రీల లోపు నీళ్లలో రోజుల తరబడి ఉంటే మేత మానేస్తుంది, అరుగుదల దెబ్బతింటుంది, చర్మం పుండ్లు పడుతుంది.

వెచ్చదనం ఒక్కటే చాలదు, దగ్గర్లో మేత కూడా ఉండాలి. ఫ్లోరిడా తూర్పు తీరంలోని ఉప్పునీటి కయ్య ఇండియన్ రివర్ లగూన్‌లో మురుగు, ఎరువుల వల్ల నాచు పెరిగిపోయి, ఎండ అందక సముద్రపు గడ్డి చచ్చిపోయింది. 2021లో ఫ్లోరిడాలో దాదాపు 1,100 మానటీలు చనిపోయాయి, వాటిలో చాలా ఆకలి చావులే. ఊటను కాపాడి గడ్డిని వదిలేస్తే ఏమవుతుందో ఆ ఏడాది కళ్లకు కట్టింది.

ప్రశ్న: ఫ్లోరిడా పడమటి తీరపు ఊరు క్రిస్టల్ రివర్‌లో వాటితో పాటు ఈదొచ్చంటున్నారు. పిల్లలు ముట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, టాంపా

జవాబు: ఈదొచ్చు, చట్టం అక్కడ ఒప్పుకుంటుంది. ముట్టుకోవడం వద్దు, అది మానటీ తానై మీ దగ్గరికొచ్చినా సరే. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు ఈతదుస్తులు) వేసుకోండి. చలి ఆపడమే కాకుండా మిమ్మల్ని తేలేలా చేస్తుంది, కాళ్లు ఆడించాల్సిన పని ఉండదు. కాలి తెడ్లు (ఫిన్స్) వద్దు: అడుగు బురద లేచి ఏమీ కనపడదు, చప్పుడుకు జంతువు బెదిరిపోతుంది. ముఖం నీళ్లలో పెట్టి, చేతులు కట్టుకుని కదలకుండా తేలండి. వెంటపడొద్దు, తల్లీపిల్లల మధ్యకు పోవద్దు, తాళ్లు కట్టిన హద్దు దాటొద్దు. నిద్రపోతున్నదాన్ని లేపితే అది చల్లటి నీళ్లలోకి పోతుంది, దాచుకోవలసిన శక్తి అక్కడ ఖర్చవుతుంది. చిన్నపిల్లలుంటే ఈత మాని, అక్కడే త్రీ సిస్టర్స్ స్ప్రింగ్స్ అనే ఊటల దగ్గరి చెక్కబాట మీద నుంచి చూపించండి. నీళ్లు అద్దంలా ఉంటాయి. తల్లి ముందు రెక్క వెనక, సరిగ్గా చంక దగ్గర, పిల్ల మూతి ఆనించి పాలు తాగడం కూడా పైనుంచే కనిపిస్తుంది.

ప్రశ్న: ఫొటోల్లో నీళ్ల తళుకే పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: లెన్సుకు పోలరైజింగ్ ఫిల్టర్ పెట్టి, తళుకు పోయేదాకా తిప్పండి. ఫోనైతే పోలరైజ్డ్ కళ్లజోడు అద్దాన్ని కెమెరాకు అడ్డం పెట్టినా చాలు. మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి ముక్కు పైకొస్తుంది, పడుకుని ఉంటే ఇరవై నిమిషాలైనా పట్టొచ్చు. ముక్కు రంధ్రాల మూతలు తెరుచుకుని ‘బుస్సు’మన్న క్షణంలో నొక్కండి.

ప్రశ్న: మన విశాఖ సముద్రంలో ఇవి ఉంటాయా?

జవాబు: మానటీలు మన దేశంలోనే లేవు. వాటి బంధువు డుగాంగ్ ఉంది: మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, అండమాన్‌లలో. మానటీ తోక గుండ్రం, డుగాంగ్‌ది చీలిన తోక. తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను దానికోసం కేటాయించింది.

ప్రశ్న: మూతి మీద తెల్లమచ్చలున్న మానటీ కనిపించింది. ఎవరికి చెప్పాలి?
– ఒక పాఠకురాలు, జాక్సన్‌విల్

జవాబు: మూతి, రెక్కలు, తోక తెల్లబారితే అది చలి దెబ్బ కావచ్చు. ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ నంబరు 888-404-3922కు వెంటనే ఫోన్ చేయండి. ఎక్కడుందో, ఎంత సైజో, ఎన్ని నిమిషాలకోసారి ఊపిరి తీస్తోందో, వీపు మీద పడవ మోటారు పంకా గాట్లున్నాయో చెప్పండి. మేత వేయకండి, గొట్టంతో నీళ్లు పట్టకండి. ఒడ్డుకు కొట్టుకొచ్చినా మీరే లోతుకు నెట్టొద్దు, వాళ్లొచ్చే దాకా దూరం నుంచి కనిపెట్టుకుని ఉండండి.